హైడ్రాలిక్ ప్రెస్సునకు ఒత్తిడి గేజి నమర్చు విధానము

సేద్యపు పనిముట్లు మారినకొలది వాని మరమ్మతు సాధనములును మారుచున్నవి. పూర్వము కర్రు సాగగొట్టుటకు కమ్మరి కొలిమియు, బండిచక్రమునకు పట్టా తొడుగుటకు పిడకల మంటయు చాలియుండెను. నేడు ట్రాక్టరు, రోటావేటరు, నూర్పిడి మర, నీటి మోటారు, వీనిలో దేనిని విప్పినను బేరింగులును, బుష్షులును, పిన్నులును అగపడును. ఇవి షాఫ్టుమీదను గూటిలోను మిక్కిలి బిగువుగా నిమిడియుండును. సుత్తితో కొట్టి తీయబోయినచో బేరింగు చెడును. షాఫ్టు అంచు చితుకును. ఒక్కొక్కప్పుడు గూడే పగులును. నెమ్మదిగా, నిటారుగా అదిమి వానిని తీయుటకును తొడుగుటకును తగిన సాధనము హైడ్రాలిక్ ప్రెస్సు. సంఘమునకు మరమ్మతుశాల యున్నచో ఈ యంత్రమును సామాన్యముగా నచట నుండును.

అయితే, ఇట్టి చిన్న ప్రెస్సులు పెక్కింటికి ఒత్తిడిని దెలుపు గేజి యుండదు. పనివాడు పిడిని కొట్టుచు పోవును; యంత్రము మూలుగును; ఎంత బలము పడుచున్నదో చూచువారికిగాని చేయువానికిగాని తెలియదు. ఈ లోపమును దీర్చుకొనుటెట్లో, దీర్చుకొననిచో కలుగు హాని యేమో సభ్యులకు దెలుపుటయే యీ వ్యాసము నుద్దేశము.

ప్రెస్సు పనిచేయు విధము

మూయబడిన పాత్రలోనున్న ద్రవమును ఒకచోట నదిమినచో ఆ యొత్తిడి తగ్గక అన్నివైపులకును సమానముగా వ్యాపించును. ఈ సూత్రమును వివరించినవాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ (1623–1662). ఆతని గ్రంథ మాతడు మరణించిన మరుసటి యేడు, 1663లో అచ్చుపడెను. దానిని పనిముట్టుగా మార్చి 1795లో ఇంగ్లండులో పేటెంటు పొందినవాడు జోసెఫ్ బ్రామా. పిస్టను చుట్టును నీరు కారిపోకుండ ఆపుట యాతనికి పెద్ద చిక్కయ్యెను. ఆతని కార్ఖానాలో పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే గిన్నెవలె మలచిన తోలు పట్టాతో ఆ చిక్కు విడదీసెనని చెప్పుదురు. మన బోరింగు పంపులలోని తోలు వాషరు ఆ జాతిదే. ప్రత్తి బేళ్లు కట్టు ప్రెస్సింగు మిల్లులును, ట్రాక్టరు ట్రక్కును పైకెత్తు జాకీయును ఈ సూత్రముమీదనే నడచుచున్నవి.

ఇందు రెండు పిస్టనులు గలవు. పిడితో నడుచునది చిన్నది. వస్తువును అదుమునది పెద్దది. చిన్నదాని వ్యాసము 10 మిల్లీమీటర్లనియు, పెద్దదాని వ్యాసము 60 మిల్లీమీటర్లనియు అనుకొందము. వ్యాసము ఆరురెట్లు గావున వైశాల్యము ముప్పదియారు రెట్లగును. పిడి తులాదండమువలె బలమును ఇరువది రెట్లు చేయుననుకొన్నచో, పనివాడు పిడిపై వేసిన 25 కిలోల అదుముడు చిన్న పిస్టనుమీద 500 కిలోలై, పెద్దదానిమీద 18,000 కిలోలగును. రాపిడివలన కొంత తగ్గినను మిగిలినది స్వల్పము కాదు.

చేతికి తెలియని సంగతి

చిన్న బిందె నెత్తు శ్రమతో పదునెనిమిది టన్నుల బలము పుట్టుచున్నదని చేతికి తెలియదు. సుత్తిపని చేయువానికి దెబ్బ యెంతో భుజమే చెప్పును. ప్రెస్సుపని చేయువానికి భుజ మేమియు చెప్పదు. పిడి బరువైనప్పుడు కొందరు దానికి పొడవైన ఇనుప గొట్టమును తొడిగి అదుముదురు. గొట్టము రెట్టింపు పొడవైనచో బలమును రెట్టింపగును. అలసట మాత్రము పెరుగదు. జాకీలో నధిక భారమును వదలివేయు వాల్వు సరిగా నున్నచో అది తెరచుకొని కాపాడవచ్చును. అది బిగిసిపోయియున్నను, ఎవరైన త్రిప్పి బిగించియున్నను కాపాడునది యేదియు లేదు.

మరియొక సంగతి గలదు. పెక్కుచోట్ల జాకీ యొకచోట కొని, చట్రమును ఊరి వెల్డింగు దుకాణమున చేయించుకొందురు. జాకీమీద 20 టన్నులని వ్రాసియుండును. చట్రము పదునైదు టన్నులకే వంగనారంభింపవచ్చును. అట్టిచోట జాకీమీది సంఖ్యను నమ్ముట ప్రమాదకరము. బలము నడుమ నెగిరిన బేరింగు ముక్క తుపాకి గుండువలె పోవును.

గేజి నిర్మాణము

మోటారు పెట్టగనే, చుట్టగా చుట్టిన పల్చని నీటిగొట్టము ఉబ్బి సాగి చేనిలో విచ్చుకొనుట రైతు లెల్లరు చూచినదే. గేజిలో జరుగునదియు నట్టిదే. దానిలో వంకర తిరిగిన ఒక చదును లోహపు గొట్టముండును. దాని యొక కొస మూయబడియుండును. రెండవ కొస నుండి చమురు లోనికి వచ్చును. ఒత్తిడి పెరిగినకొలది గొట్టము రవంత సాగజూచును. మూసిన కొస కదలినంతనే చిన్న పండ్లచక్రము తిరిగి ముల్లును నడుపును. ఈ యుపాయమునకు యూజీన్ బుర్డాన్ 1849లో ఫ్రాన్సు దేశమున పేటెంటు పొందెను. నాటినుండి నేటివరకు మూలసూత్రము మారలేదు.

ముల్లు చూపునది చదరపు సెంటీమీటరుమీద పడు ఒత్తిడి. మనకు గావలసినది మొత్తము బలము. ఒత్తిడిని పెద్ద పిస్టను వైశాల్యముతో హెచ్చించిన మొత్తము బలము వచ్చును. వ్యాసమును వెర్నియరుతో కొలువవలయును. చమురు నాపు పట్టా పిస్టనుమీద నుండి సిలిండరు లోపలి గోడకు రాచుచున్నచో ఆ లోపలి వ్యాసమే లెక్కకు గ్రాహ్యము. పైకి కనబడు కడ్డీ దానికన్న సన్నగా నుండుట కలదు. దానిని కొలిచినచో లెక్క తప్పును. పట్టా సిలిండరు మూతియొద్ద నుండి కడ్డీకే రాచుచున్నచో కడ్డీ వ్యాసమును గ్రహింపవలయును. 60 మిల్లీమీటర్ల వ్యాసమునకు వైశాల్యము 28.27 చదరపు సెంటీమీటర్లు. ఆ ప్రకారము:

ముల్లు 100 చూపిన, బలము 2,830 కిలోలు.
ముల్లు 200 చూపిన, బలము 5,650 కిలోలు.
ముల్లు 300 చూపిన, బలము 8,480 కిలోలు.
ముల్లు 400 చూపిన, బలము 11,310 కిలోలు.
ముల్లు 500 చూపిన, బలము 14,140 కిలోలు.
ముల్లు 600 చూపిన, బలము 16,960 కిలోలు.
ముల్లు 700 చూపిన, బలము 19,790 కిలోలు.

ఇట్టి పట్టికను తమ ప్రెస్సు కొలతకు తగినట్లు వ్రాసి, రేకుమీద రంగుతో దిద్దించి, చట్రమునకు తగిలింపవలయును. గేజిమీద బారులని యున్నచో ఒక బారు 1.02 కిలోలకు సమానము గనుక పెద్ద భేదము లేదు. పి.ఎస్.ఐ. అని యున్నచో ఆ సంఖ్యను 14.22తో భాగింపవలయును.

ఎట్టి గేజి కొనవలయును

గేజి గరిష్ఠ సంఖ్య మన పని యొత్తిడికంటె తగినంత హెచ్చుగా నుండవలయును. నిలుకడగా నుండు ఒత్తిడి గేజి పూర్తి కొలతలో నాల్గింట మూడువంతులు మించరాదని నియమము. 700 వరకు పోవు ప్రెస్సునకు 1,000 కొలతగల గేజి సరిపోవును. అంతకంటె పెద్దది కొన్న ముల్లు మూలనే కదలుచుండును. చిన్నది కొన్న గొట్టము సాగి చెడును.

డయలు 100 మిల్లీమీటర్ల వెడల్పైన నిలుచున్నచోటినుండి చదువవచ్చును. లోపల గ్లిజరిను నింపిన గేజి మేలు. ముల్లు వణకదు, పండ్లచక్రము త్వరగా నరుగదు. ముందు అద్దమునకును గొట్టమునకును నడుమ గట్టి లోహపు అడ్డుగోడయు, వెనుక ఊడివచ్చు పలకయు గల రక్షణ గేజిని కోరి తెప్పింపవలయును. గొట్టము పగిలినను చమురు మనిషి ముఖముమీదికి రాక వెనుకకు పోవును. మన దేశపు ప్రమాణసంస్థ గేజీలకు విధించిన ప్రమాణము ఐ.ఎస్. 3624. ఒకటవ తరగతి గేజిలో తప్పు పూర్తి కొలతలో నూటికి ఒకటి; అనగా 1,000 గేజికి 10 ఇటునటు. పై ప్రెస్సులో నది సుమారు 280 కిలోలు. కావున ఒక టన్నుకు లోబడిన సున్నితపు పనులకు ఈ గేజిని ప్రమాణముగా గొనరాదు.

గాలి కంప్రెసరు గేజి, స్ప్రేయరు గేజి పనికిరావు. వాని కొలత పదులలో నుండును. మన యొత్తిడి వందలలో నున్నది. గ్యాసు వెల్డింగు సిలిండరునుండి విప్పిన గేజిని ఎన్నడును తేరాదు. ముఖ్యముగా, చమురు తగిలిన గేజిని తిరిగి ఆక్సిజను సిలిండరునకు బిగించుట ప్రాణాపాయము. ఒత్తిడితో నున్న ఆక్సిజను చమురు సోకిన పేలును.

ఎచ్చట తగిలింపవలయును

జాకీలో చమురునకు మూడు తావులు గలవు: చమురు నిలువయుండు తొట్టి, చిన్న పిస్టను గది, పెద్ద పిస్టను గది. తొట్టికి గేజి తగిలించిన ముల్లు కదలదు. చిన్న పిస్టను గదికి తగిలించిన పిడి వేసినప్పుడెల్ల లేచి పడుచుండును. చమురు వెనుకకు రాకుండ నాపు వాల్వు దాటిన పిమ్మట, పెద్ద పిస్టనునకు పోవు మార్గముననే గేజి యుండవలయును. అప్పుడే వస్తువుమీద నిలిచియున్న బలము తెలియును.

చేతిపంపు వేరుగను, సిలిండరు వేరుగను ఉండి, నడుమ హోసు గల ప్రెస్సులలో ఈ పని సులభము. పంపు మూతికిని హోసునకును నడుమ మూడుదారుల గేజి ముక్క యొకటి బిగించిన చాలును. బాటిల్ జాకీతో నడచు ప్రెస్సులలోనే చిక్కు. కొన్ని జాకీలకు తయారుచేసినవారే గేజికి రంధ్రముంచి, మరతో మూసియుందురు. అట్టిది యున్నచో దానినే యుపయోగింపవలయును. లేనిచో అడుగు దిమ్మెకు డ్రిల్లు వేయుట తగదు. లోపలి సన్నని దారు లెటు పోవుచున్నవో పైకి తెలియవు, గోడ పలుచనగును, ఇనుప రజను వాల్వులో చేరును. వందలకొలది కిలోల యొత్తిడి నోర్చు దిమ్మె ఒక్క రంధ్రముతో బలహీనమగును. అట్టిచో జాకీని బండి పనులకు విడిచి, ప్రెస్సునకు వేరు పంపును సిలిండరును కొనుట, లేక గేజి రంధ్రముగల జాకీని కొనుట మేలు.

అమర్చు క్రమము

1. ముందుగా ఒత్తిడి వదలు మరను పూర్తిగా విప్పి, పిస్టను తిరిగి తన చోటికి చేరువరకు వేచియుండవలయును. ఒత్తిడియున్న యంత్రమున నే మరను గాని ముట్టరాదు.

2. విప్పబోవు చోటును, దాని పరిసరమును గుడ్డతో శుభ్రముగా తుడువవలయును. వాల్వుకింద ఇరుకుకొన్న ఇసుక రేణువొకటి చాలును, ప్రెస్సు నిలుపక జారిపోవుటకు.

3. మరల జాతి సరిచూడవలయును. సమానపు మర అడుగున రాగి వాషరుమీద బిగిసి చమురు నాపును. దానికి తెల్లని టేపు చుట్టుట వలన ప్రయోజనము లేదు. కొసకు సన్నబారు మర, మరలమీదనే బిగిసి నాపును. దీనికి మరలకు రాయు జిగురు యుక్తము. టేపే చుట్టవలసివచ్చినచో మొదటి రెండు మరలు విడిచి చుట్టవలయును. లేనిచో పోగులు తెగి లోనికి పోవును. ఒక జాతి మరను వేరొక జాతి రంధ్రమున బలవంతముగా త్రిప్పినచో రెండు మూడు చుట్లు పట్టినట్లే యుండి, ఒత్తిడి పడగనే ఊడి యెగురును.

4. మూడుదారుల ముక్క, హోసు, వాషరు, అన్నియు 700 ఒత్తిడి నోర్చునట్టివిగా గుర్తు వేయబడినవై యుండవలయును. నీటి పైపుల దుకాణమున దొరకు జి.ఐ. ముక్కలు చూపునకు లావుగా నున్నను ఈ పనికి కావు.

5. గేజి మూతిలో సన్నని రంధ్రము గల నిరోధపు మర నుంచవలయును. బిగిసిన బేరింగు ఒక్క పెట్టున ఊడినప్పుడు ఒత్తిడి హఠాత్తుగా పడిపోవును; ఆ యదటు ముల్లునకు తగులకుండ నిది కాపాడును.

6. గేజిని బిగించునపుడు దాని గుండ్రని ముఖమును పట్టి త్రిప్పరాదు. క్రింది చదును పలకలకు పానా వేసి త్రిప్పవలయును. ముఖము పనివాని వైపునకు నిటారుగా నుండునట్లు చూచుకొనవలయును.

7. తొట్టిలో హైడ్రాలిక్ ఆయిలు నింపవలయును. బ్రేకు ఆయిలు పోసినచో రబ్బరు పట్టాలు ఉబ్బి చెడును. ఒత్తిడి వదలు మరను తెరచియుంచి పిడిని పది పదునైదు మారులు కొట్టినచో లోపలి గాలి తొట్టిలోనికి పోవును.

పరీక్ష

బల్లమీద గట్టి ఉక్కు దిమ్మె నుంచి, అందరును ప్రక్కకు తొలగి, నెమ్మదిగా 100 వరకు పోయి నిలుపవలయును. బిగింపులన్నియు చూచి, వదలి, మరల 200, 300 ఇట్లు పోవలయును. చట్రము ఎంతకు తగినదో అంతటితో నాగవలయును. ఆ సంఖ్యయొద్ద డయలు అద్దముమీద ఎఱ్ఱగీత వేయవలయును. చట్రము పదునైదు టన్నులదైనచో, పై కొలత గల సిలిండరునకు ఎఱ్ఱగీత 530యొద్ద పడును. జాకీ, చట్రము, బల్ల పిన్నులు, హోసు, వీనిలో నేది బలహీనమో దానినిబట్టియే గీత వేయవలయును.

తరువాత పది నిమిషములు పిడి ముట్టక ముల్లును గమనింపవలయును. కొంచెము తగ్గి నిలిచిన దోషము లేదు. తగ్గుచునే యున్నను, పైకి చమురు కనబడనిచో లోపలి వాల్వుగాని వదలు మరగాని పట్టుట లేదని తెలియవలయును. పైకి కనబడినచో ఒత్తిడి వదలిన పిమ్మటనే బిగింపవలయును.

చమురు ధారను చేతితో తడుమరాదు. ఈ మాటను సభ్యులు పిల్లలకు గూడ చెప్పవలయును. ట్రాక్టరు హైడ్రాలిక్ గొట్టములకును నిదియే వర్తించును. సూదిమొన యంత రంధ్రమునుండి వచ్చు ధార కంటికి కనబడకయే చర్మమును తొలిచి లోనికి పోవును. పైకి చీమకుట్టినంత గాయమే యుండును. నొప్పియు మొదట స్వల్పమే. లోపల మాత్రము చమురు వ్రేళ్లనుండి అరచేతివరకు వ్యాపించి మాంసమును చెరచును. కొన్ని గంటలు గడచినచో వ్రేలుగాని చేయిగాని తీసివేయవలసిరావచ్చును. ఇట్టి గాయము తగిలినచో కట్టుకట్టి కూర్చుండక, శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి వెంటనే పోయి, ఒత్తిడితోనున్న చమురు లోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలయును. ఎచ్చట కారుచున్నదో చూడవలసినచో అట్టముక్కను కఱ్ఱకు కట్టి చాచి చూడవలయును. కండ్లకు అద్దములు ఎల్లప్పుడు నుండవలయును.

ముల్లు చెప్పు మాటలు

గేజి యమరిన పిమ్మట దానిని చదువ నేర్వవలయును. ముల్లు నెమ్మదిగా పెరిగి, టక్కున శబ్దమై పడిపోయి, మరల కొంత యొత్తిడితో నిలకడగా సాగినచో బేరింగు కదలి జారుచున్నదని యర్థము. ముల్లు పెరుగుచునే యున్నను వస్తువు కదలనిచో పిడిని ఆపవలయును. వస్తువు వంకరగా పట్టుకొనియుండవచ్చును; త్రుప్పు పట్టియుండవచ్చును; లేక బేరింగును గూటిలో నాపు స్ప్రింగు లాకు తీయక మరచియుండవచ్చును. లాకు తీయక అదిమిన బేరింగు రాదు, గూడు పగులును. గేజి లేనివాడు పగిలిన చప్పుడు విన్న పిమ్మట తెలిసికొనును. గేజి గలవాడు ముందే యాగి చూచుకొనును.

తొడుగునప్పుడును నింతియే. షాఫ్టుమీద తొడుగు బేరింగునకు లోపలి వలయమును, గూటిలో తొడుగుదానికి వెలుపలి వలయమును అదుమవలయును. ఒక వలయము నదిమి రెండవదానిని తొడిగినచో బలమంతయు గోళీలగుండ పోయి వలయములపై గుంటలు పడును. అట్టి బేరింగు క్రొత్తదైనను దుక్కి ముగియకమున్నే మ్రోయనారంభించును. బేరింగు చోటు చేరి ఆనినప్పుడు ముల్లు ఒక్కసారిగా పైకి లేచును. అదే చాలునన్న గుర్తు. ఆపైన కొట్టిన ప్రతి పిడియు హానియే.

పని లేనప్పుడు ముల్లు సున్నయొద్ద నుండవలయును. సున్నకు రాక పైననే నిలిచినచో గేజి అతిభారమునకు సాగిపోయినదని గ్రహించి మార్చవలయును; ముల్లును వంచి సరిచేయుట ఆత్మవంచనయే. ఏటికొకసారి పరీక్షాశాలలో ప్రమాణపు బరువులతో సరిచూపించుట మంచిది.

ప్రెస్సు పుస్తకము

సంఘపు తక్కెడను కాలమునకొకసారి ముద్ర వేయించి వాడుకొనుచున్నాము. ధాన్యపు తూకమున తేడా వచ్చిన నష్టము కుంచములలోనే. ప్రెస్సు తూకమున తేడా వచ్చిన నష్టము పనివాని చేయి. ఒకరి సొంత యంత్రమైనచో వాని గుణదోషములు వానికి తెలిసియుండును. సంఘపు ప్రెస్సును నేడొకరు, రేపొకరు వాడుదురు. ఒకరి యనుభవము మరియొకరికి చేరవలెనన్న వ్రాత కావలయును.

కావున ప్రెస్సు ప్రక్కనే యొక చిన్న పుస్తకము నుంచి, తేది, యంత్రము పేరు, తీసిన లేక తొడిగిన భాగము, కదలినప్పుడు ముల్లు చూపిన సంఖ్య, ఈ నాలుగింటిని పనివాడు వ్రాయునట్లు కార్యదర్శులు కట్టడి చేయవలయును. ఒక రోటావేటరు బేరింగు ఎంతకు కదలినదో వ్రాసియున్నచో, అట్టిదే మరల వచ్చినప్పుడు అంతకు మించి ముల్లు పోయినంతనే ఆగుటకు వీలుండును. పుస్తకము నిండుకొలది మరమ్మతుశాలకు క్రొత్తగా వచ్చిన కుఱ్ఱవానికిని పాతవాని వివేకము సంక్రమించును. ఎఱ్ఱగీత దాటరాదనియు, పిడికి గొట్టము తొడుగరాదనియు పుస్తకపు మొదటి పుటలో వ్రాసి, ప్రెస్సు తాళమిచ్చునప్పుడు దానిని చదివించి మరీ యియ్యవలయును.